పొద్దున పదింటికి ఫైలేరియా స్మియరా?

"ఫైలేరియాకి స్మియర్" అన్న చీటీ, అంటే బోదకాలు పురుగుల కోసం గాజు స్లైడు మీద రక్తం పూసి చూడమని, పొద్దున పదింటికే ల్యాబు కౌంటరు దగ్గరికి వస్తుంది. ఆ వేళ వేలు గుచ్చడం దండగ. గోదావరి జిల్లాల బోదకాలుకి కారణమైన వుకరేరియా బాంక్రాఫ్టి అనే పురుగు పిల్లలు (పిల్లపురుగులు, మైక్రోఫైలేరియా) పగలు ఊపిరితిత్తుల సన్న నాళాల్లో ఉండిపోతాయి. పైరక్తంలోకి వచ్చేది రాత్రే, పదింటి నుంచి రెండింటి దాకా ఎక్కువ. మురుగుకాలవల్లో పుట్టే క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే. అందుకే సర్వేల వాళ్ళు రాత్రి ఎనిమిదిన్నర దాటాక గడపలెక్కుతారు.

ఉంగరం వేలు స్పిరిట్‌తో తుడిచి, తడి ఆరాకే గుచ్చాలి. మొదటి చుక్క తుడిచెయ్యాలి. రక్తం 20 మైక్రోలీటర్లు, క్యాపిల్లరీతో (సన్న గాజుగొట్టంతో) కొలిచి. కంటి అంచనాతో వేసిన చుక్కలో పురుగులు లెక్కపెట్టి ఏం లాభం? స్లైడు జిడ్డుగా ఉన్నా, స్మియర్ మరీ మందమైనా తర్వాత నీళ్ళలో పొరలా ఊడిపోతుంది.

డెల్టాలో అసలు తిప్పలు ఆరబెట్టడంతోనే. వానల్లో రాత్రంతా ఉంచినా తడి వదలదు. తొందరపడి స్పిరిట్ దీపం మీద కాచినా, ఎండలో పెట్టినా హీమోగ్లోబిన్ గాజుకి పట్టేస్తుంది, ఇక నీళ్ళకి దిగదు. ఫ్యాను గాలే మేలు. బల్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి చీమలూ బొద్దింకలూ రక్తం నాకేస్తాయి. అరిసెల డబ్బాకి చేసినట్టే ట్రేని నీళ్ళ పళ్ళెంలో ఎత్తుపీట మీద పెట్టండి, పైన దోమతెర గుడ్డ కప్పండి.

ఆరిన స్మియర్‌ని ముందే మిథనాల్‌లో ముంచితే పని చెడినట్టే. మొదట నీళ్ళు, ఎరుపు పోయేదాకా, అయిదు నుంచి పది నిమిషాలు. మళ్ళీ ఆరాక మిథనాల్ ఒక నిమిషం. ఆపైన 1:20 జీమ్సా రంగు, అరగంట నుంచి ముప్పావుగంట. రంగు కలపాల్సింది 7.2 పీహెచ్ బఫర్‌తో (ఆమ్ల-క్షార స్థాయి మారకుండా ఉంచే ద్రావణంతో). క్షారం ఎక్కువున్న బోరు నీళ్ళు పోస్తే అంతా నీలమై కేంద్రకాలు విడిగా కనబడవు. స్లైడు మీద నంబరు పెన్సిల్‌తోనే రాయాలి, స్కెచ్‌పెన్ను మిథనాల్‌లో చెరిగిపోతుంది.

మైక్రోస్కోపు 10ఎక్స్ కటకం కింద స్మియర్ ఈ అంచు నుంచి ఆ అంచుదాకా జరపాలి. బాంక్రాఫ్టి తోక కొసలో కేంద్రకాలుండవు. బోదకాలు తెచ్చే మరో పురుగు బ్రూగియా మలయిలో రెండుంటాయి. లోపల కేంద్రకాలే లేకపోతే అది దూదిపోగు.

ఇంకొకటి. కాలు వాచి గట్టిపడ్డ మనిషి రక్తంలో చాలాసార్లు పిల్లపురుగులే ఉండవు. ఏ వాపూ లేని పక్కింటి కుర్రాడి స్లైడులో దొరకొచ్చు. పగలే తేల్చాలంటే బాంక్రాఫ్టి పురుగు వదిలే పదార్థాన్ని రక్తంలో పట్టే యాంటిజెన్ స్ట్రిప్ ఉంది: 75 మైక్రోలీటర్ల రక్తం, సరిగ్గా పదో నిమిషంలో చూడాలి. ఆలస్యంగా చూస్తే లేని గీత తేలుతుంది. బ్రూగియాని అది పట్టదు.

రిపోర్టులో "ఫైలేరియా లేదు" అని రాయకండి. "రాత్రి 10.15కి తీసిన 20 మైక్రోలీటర్లలో మైక్రోఫైలేరియా కనబడలేదు" అని రాస్తే చదివే డాక్టరుకి పనికొస్తుంది.