నాన్న పాత కంప్యూటర్‌లో మెయిల్ మళ్లీ తెరుచుకునేదాకా: నాలుగు ఆదివారాల లెక్క

మొదటి ఆదివారం

మేడ మీద గదిలో గుడ్డ కప్పి ఉంచిన నాన్న కంప్యూటర్‌ని కిందికి దించాను. 2005లో సికింద్రాబాద్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్‌లో విడిభాగాలు కొని అక్కడే బిగించుకొచ్చింది ఇది. పెంటియం 4, ర్యామ్ మొదట 512 ఎంబీ, తర్వాత ఇంకో ముక్క వేస్తే 1 జీబీ అయింది, 80 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3. కొత్తది కొనొచ్చు కదా అని ఇంట్లో అందరూ అంటున్నారు, కానీ న్యూజెర్సీలో ఉండే మా బాబాయి 2006 నుంచి 2013 దాకా నాన్నకి రాసిన ఉత్తరాలన్నీ దీనిలోని ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. పైగా నాన్నకి 76 ఏళ్లు, ఫోన్ తెర మీద అక్షరాలు ఆనవు, ఆ పెద్ద కీబోర్డు మీద ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికలో తెలుగు కొట్టడం ఆయన వేళ్లకి అలవాటు. "కొత్తది నాకొద్దురా, దాన్నే నడిచేలా చూడు" అన్నారు. సరే నాన్నా అన్నాను.

దుమ్ము దులిపి స్విచ్ వేస్తే నల్ల తెర మీద సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ఎఫ్1 నొక్కమని. నొక్కాను, విండోస్ లేచింది. రౌటర్ నుంచి తీగ లాగి వెనక పెట్టి ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో సెండ్ రిసీవ్ నొక్కితే ఉన్న మూడు అకౌంట్లకీ మూడు ఎర్ర గుర్తులు. అక్కడితో ఆపేశాను. ఎందుకంటే ఉత్తరాలు భద్రం చేయకుండా ఏ సెట్టింగూ ముట్టుకోకూడదని ముందే అనుకున్నాను. ఈ ప్రోగ్రామ్ ఒక్కో ఫోల్డర్‌నీ ఒక డీబీఎక్స్ ఫైలుగా దాస్తుంది, అవి యూజర్ పేరు కింద లోకల్ సెట్టింగ్స్, అప్లికేషన్ డేటా, ఐడెంటిటీస్ లోపల ఉంటాయి, దాచిన ఫోల్డర్లు చూపించమని టిక్ పెడితే తప్ప కనిపించవు. ఇన్‌బాక్స్ ఫైలు ఒక్కటే 1.3 జీబీ ఉంది. 2 జీబీ దాటితే ఆ ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి ఇంకొంచెం వాడి ఉంటే ఏమయ్యేదో అనిపించి గుండె గుభేలుమంది. రెండు పెన్ డ్రైవ్‌లలోకి కాపీ చేశాను. ఆ రోజుకి అంతే.

రెండో ఆదివారం

ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఒక్కసారికి ఒక్క మార్పే, అది రాసి, మళ్లీ సెండ్ రిసీవ్ నొక్కి, ఏమొచ్చిందో పక్కనే రాయడం. నాలుగు సెట్టింగులు కలిపి మార్చితే ఏది పని చేసిందో, ఏది కొత్తగా చెడిందో తేలదు.

మొదటి అకౌంట్ అప్పట్లో ఇంటర్‌నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చినది. దానికి సాకెట్ ఎర్రర్ 11001 వచ్చింది. అంటే సర్వర్ పేరు అడిగితే చిరునామా దొరకలేదని. తీగ తప్పా, పేరు తప్పా అని తేల్చుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్ కొట్టాను, అంటే ఉన్నావా అని అడిగాను, జవాబు వచ్చింది, అంటే తీగ బాగుంది. తర్వాత పేరుకి చిరునామా వెతికే ఎన్ఎస్‌లుకప్‌తో జీమెయిల్ సర్వర్ పేరు అడిగాను, వచ్చింది. ఈ పాత సర్వర్ పేరు అడిగాను, అలాంటిది లేదంది. ఆ మెయిల్ సేవే ఎప్పుడో మూసేశారన్నమాట. ఇక దానికి చేసేదేం లేదు, అకౌంట్ తీసేయకుండా ప్రాపర్టీస్‌లో "సెండ్ రిసీవ్‌లో దీన్ని కలుపు" అన్న టిక్ మాత్రం తీసేశాను. మూడు ఎర్ర గుర్తుల్లో ఒకటి పోయింది.

రెండోది మా ఇంటి పేరు మీద తీసుకున్న డొమైన్ మెయిల్. దీనికి 10060, అంటే అటు నుంచి జవాబు రాక గడువు అయిపోయిందని. (10061 వస్తే అర్థం వేరు: అవతల మెషీన్ ఉంది గానీ ఆ పోర్టులో, అంటే ఒక్కో సేవకి విడిగా ఉండే నంబరు తలుపు దగ్గర, ఎవరూ వినడం లేదని.) సెట్టింగుల్లో చూస్తే పంపే పోర్టు 25 అని ఉంది. ఒక పోర్టుకి నేరుగా వెళ్లి చూడటానికి పనికొచ్చే టెల్‌నెట్ ఎక్స్‌పీలో ముందే ఉంటుంది, విండోస్ 7లో అయితే ఫీచర్స్‌లోకి వెళ్లి టిక్ పెట్టుకోవాలి. టెల్‌నెట్‌తో పోర్టు 25కి వెళ్తే అలాగే నిలబడిపోయింది, 587కి వెళ్తే వెంటనే 220తో మొదలయ్యే పలకరింపు లైను వచ్చింది. స్పామ్ ఆపడానికి ఇళ్ల కనెక్షన్లలో పోర్టు 25ని మూసేయడం చాలాచోట్ల ఉన్నదే. 587కి మార్చగానే 10060 పోయింది, కానీ ఇప్పుడు వేరే ఎర్రర్: కనెక్షన్ మధ్యలో తెగిందని, 800సీసీసీ0ఎఫ్. ఎర్రర్ మారిందంటే ఒక మెట్టు ఎక్కినట్టే, అది కూడా నోట్‌బుక్‌లో పడింది.

లోపల గడువు తీరిన యాంటీవైరస్ ఒకటి ఉంది, అది మెయిల్ పోర్టుల మధ్యలో కూర్చుని వచ్చేపోయేవన్నీ తనే చదివి పంపే రకం. దాన్ని తీసేశాను. ఎర్రర్ మారలేదు, అయినా తీసేయడమే మంచిదైంది, లేకపోతే తర్వాత దొరికిన ప్రతి ఫలితం మీదా దాని అనుమానం ఉండేది.

వారం మధ్యలో ఒక సాయంత్రం

మొదటి రోజు కనిపించిన సీమాస్ ఎర్రర్‌కి మందు ఇది: కంప్యూటర్ ఆపినప్పుడు గడియారాన్ని నడిపే సీఆర్2032 బటన్ బ్యాటరీ, నలభై రూపాయలు. ఇది మార్చకుండా మెయిల్ సంగతి చూడటం దండగ, ఎందుకంటే కంప్యూటర్ ఆపి మళ్లీ వేసినప్పుడల్లా గడియారం 2004 జనవరి 1కి వెళ్లిపోతోంది. తను ఎవరో రుజువుగా సర్వర్ చూపించే సర్టిఫికెట్‌కి ఒక మొదలు తేదీ, ఒక చివరి తేదీ ఉంటాయి, 2004లో ఉన్న కంప్యూటర్‌కి అది ఇంకా పుట్టని సర్టిఫికెట్. మదర్‌బోర్డు మీద గుండ్రటి గూడులో పక్కనున్న క్లిప్ నెమ్మదిగా నొక్కితే పాతది పైకి లేస్తుంది, కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టాలి. అంతకుముందు పవర్ తీగ పూర్తిగా పీకేయాలి. ఇంకో చిక్కు కూడా తగిలింది. ఇంటర్‌నెట్ టైమ్ ట్యాబ్‌లో అప్‌డేట్ నొక్కితే మీ తేదీ మాతో కలవడం లేదు, భద్రత కోసం సరిచేయలేను అంటుంది ఎక్స్‌పీ. ముందు తేదీ మనం చేత్తో సరిచేసి, అప్పుడు నొక్కితే ఒప్పుకుంటుంది.

మూడో ఆదివారం

అసలు కథ ఇదే, పొద్దున్నుంచి రాత్రి దాకా పట్టింది.

గడియారం సరైంది, పోర్టు సరైంది, పేరు దొరుకుతోంది, టెల్‌నెట్ పలుకుతోంది, అయినా కనెక్షన్ తెగుతోంది. ఇక మిగిలింది ఎన్‌క్రిప్షన్, అంటే మధ్యలో ఎవరూ చదవలేకుండా రహస్య రూపంలోకి మార్చి పంపడం. మెయిల్ ప్రోగ్రామ్, సర్వర్ మాట్లాడుకునే ముందు టీఎల్ఎస్ అనే పద్ధతిలో ఏ వెర్షన్ వాడాలో తేల్చుకుంటాయి. టీఎల్ఎస్ 1.0 వచ్చింది 1999లో, 1.1 వచ్చింది 2006లో, 1.2 వచ్చింది 2008లో, 1.3 వచ్చింది 2018లో. మొదటి రెండూ ఇక వాడొద్దని 2021 మార్చిలో ఇంటర్‌నెట్ ప్రమాణాలు చూసేవాళ్లు అధికారికంగా చెప్పేశారు. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌కి సొంత ఎన్‌క్రిప్షన్ లేదు, విండోస్ ఏది ఇస్తే అదే, ఎక్స్‌పీ ఇచ్చేది 1.0 వరకే. మా డొమైన్ మెయిల్ సర్వర్ 1.2కి తక్కువైతే తలుపు తీయదు.

ఇది ఊహగా ఉంచకుండా పరీక్షించాను. నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లో టీఎల్ఎస్ కనెక్షన్ పరీక్షించే ఓపెన్ఎస్ఎస్ఎల్ ఎస్-క్లయింట్ కమాండ్‌తో అదే సర్వర్‌కి 1.2 అడిగి వెళ్తే కలిసింది, 1.0 అడిగితే కలవలేదు. ఇక్కడ ఒక గంట పోయింది నాకు, మీకు పోకూడదని రాస్తున్నాను: కొత్త ఉబుంటు తనంతట తానే 1.0ని ఒప్పుకోదు, కాబట్టి కాదన్నది సర్వరా, మన ల్యాప్‌టాపా అన్నది ఆ ఫలితంతో తెలియదు. సైఫర్ ఆప్షన్‌లో సెక్యూరిటీ లెవెల్‌ని 0కి దించి మళ్లీ నడిపితేనే ఆ పరీక్షకి విలువ. అలా చేసినా సర్వర్ కాదనే అంది. అప్పుడు నమ్మకం కుదిరింది.

దీనికి రెండు దారులు కనిపించాయి. ఒకటి ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌నే ఉంచి, మధ్యలో అనువాదకుడిలాంటి మనిషిని కూర్చోబెట్టడం. ఇంట్లో రాస్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి ఖాళీగా ఉంది, దాని మీద ఎస్-టనెల్ అనే ప్రోగ్రామ్ వేశాను, ఆ అనువాదకుడు ఇదే. పాత కంప్యూటర్ దాని 110వ పోర్టుకి మామూలుగా వస్తుంది, అది సర్వర్ 995వ పోర్టుకి కొత్త టీఎల్ఎస్‌తో వెళ్తుంది, పంపేవి ఇలాగే 25 నుంచి 465కి. కాన్ఫిగ్ ఫైలులో ఒక్కో దారికి మూడు లైన్లు: క్లయింట్ అని, ఎక్కడ వినాలో, ఎక్కడికి వెళ్లాలో. పని చేసింది! కానీ ఎస్-టనెల్ మామూలుగా అవతలి సర్టిఫికెట్‌ని సరిచూడదు, వెరిఫై చెయిన్, చెక్ హోస్ట్ అన్న రెండూ మనమే రాయాలి, అవి రాయకపోతే అవతల ఎవరున్నా నమ్మేస్తుంది. అది రాయకుండా వాడొద్దని గట్టిగా చెప్తాను.

అంతా పనిచేస్తున్నా సాయంత్రానికి ఆ దారి మూసేశాను. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉత్తరాన్ని చూపించడానికి ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇంజిన్ వాడుతుంది, ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8న ముగిసింది, ఆ తర్వాత బయటపడిన కంతలు పూడ్చేవాళ్లు లేరు. నాన్న ఏ ఉత్తరం తెరుస్తారో నేను పక్కన కూర్చుని చూడలేను. ఆయన మెయిల్ విషయంలో నాకు అంత రిస్క్ వద్దనిపించింది.

అందుకని రెండో దారి, థండర్‌బర్డ్ అనే ఇంకో మెయిల్ ప్రోగ్రామ్. ఎక్స్‌పీ మీద నడిచే చివరి వెర్షన్ 52.9.1, 2018 నాటిది. (విండోస్ 7 ఉన్నవాళ్లకి 115 దాకా నడుస్తుంది.) ఇదీ పాతదే, దీనికీ కొత్త మరమ్మతులు రావు, ఆ మాట దాచను. కానీ ఇది ఎన్‌క్రిప్షన్ కోసం విండోస్‌ని అడగదు, టీఎల్ఎస్ 1.2 తనతోనే తెచ్చుకుంటుంది, నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితా కూడా తనదే. మా సర్వర్‌ది లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్. వాళ్లు ఆధారపడిన పాత వేరు సర్టిఫికెట్ (మిగతావాటిని నమ్మడానికి మూలమైనది) 2021 సెప్టెంబర్ 30న గడువు తీరి ఎన్నో పాత మెషీన్లు ఆగిపోయాయి, ఈ వెర్షన్‌లో కొత్త వేరు ఉంది కాబట్టి ఆ బెడద లేదు. మొజిల్లా పాత వెర్షన్ల నిల్వ నుంచి ల్యాప్‌టాప్‌లో దింపి, పెన్ డ్రైవ్‌లో తెచ్చి వేశాను. ఐమ్యాప్, పోర్టు 993, పంపడానికి 465. మొదటి క్లిక్‌కే ఫోల్డర్లు వచ్చేశాయి. ఉత్తరాల్ని కంప్యూటర్‌లోకి దించుకునే పాప్ కాకుండా, సర్వర్‌లోనే ఉంచి చూపించే ఐమ్యాప్ ఎందుకంటే, ఆ 80 జీబీ డిస్క్ ఎప్పుడు ఆగుతుందో తెలియదు, ఉత్తరాలు సర్వర్‌లోనే ఉండాలి.

నాలుగో ఆదివారం

మిగిలింది జీమెయిల్. నాన్నకి పాస్‌వర్డ్ బాగా గుర్తు, వెబ్‌లో అదే పని చేస్తోంది, థండర్‌బర్డ్‌లో మాత్రం ఒప్పుకోదు. "నేను తప్పు చెప్పడం లేదురా" అన్నారు కొంచెం నొచ్చుకుని. నిజమే, తప్పు ఆయనది కాదు. మామూలు పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రామ్‌లు లోపలికి రావడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపేసింది. అకౌంట్‌కి ముందు టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టాలి, తర్వాత యాప్ పాస్‌వర్డ్ అని 16 అక్షరాలది ఒకటి ఇస్తారు. నాలుగేసి అక్షరాలుగా విడదీసి చూపిస్తారు, మధ్య ఖాళీలు అక్కర్లేదు, ఆ కిటికీ మూస్తే మళ్లీ చూపించరు. ఇదంతా నా ల్యాప్‌టాప్‌లో చేశాను.

థండర్‌బర్డ్ జీమెయిల్ అనగానే తనంతట తాను ఓఆత్2 (గూగుల్ లాగిన్ కిటికీ తెరిచి అనుమతి తీసుకునే పద్ధతి) ఎంచుకుంటుంది, సర్వర్ సెట్టింగ్స్‌లో దాన్ని నార్మల్ పాస్‌వర్డ్‌కి మార్చి యాప్ పాస్‌వర్డ్ ఇచ్చాను. ఉత్తరాలు వచ్చాయి, పోవడం మాత్రం లేదు, 535 అని, అంటే లాగిన్ ఒప్పుకోలేదని. పంపే సర్వర్‌కి సెట్టింగులు వేరే చోట, అకౌంట్ జాబితా అట్టడుగున ఉంటాయి, అక్కడ కూడా ఓఆత్2 తీసి నార్మల్ పాస్‌వర్డ్ పెట్టాలి. వస్తున్నాయి, పోవడం లేదు అని ఎవరన్నా ముందు చూడాల్సింది అక్కడే. ఇంకా, జీమెయిల్ ఆల్ మెయిల్ ఫోల్డర్‌ని సబ్‌స్క్రైబ్ జాబితా నుంచి తీసేశాను, లేకపోతే ప్రతి ఉత్తరం రెండుసార్లు దిగి డిస్క్ నిండుతుంది. ఒకేసారి తెరిచే కనెక్షన్లు 5 నుంచి 2కి దించితే ఈ పెంటియం కాస్త ఊపిరి పీల్చుకుంది.

రౌటర్‌లో ఈ కంప్యూటర్‌కి 993, 465, పేర్లు అడగడానికి 53, టైమ్ కోసం 123 మాత్రం వదిలి మిగతావన్నీ మూసేశాను. దీంట్లో బ్రౌజర్ తెరవడం, బ్యాంకు పనులు చేయడం లేదు. నాన్నకి చెప్తే వెంటనే ఒప్పుకున్నారు, ఆయనకి కావాల్సింది ఉత్తరాలే.

తర్వాత టూల్స్, ఇంపోర్ట్, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్. గంటకి పైగా నడిచింది, పాత ఉత్తరాలు లోకల్ ఫోల్డర్స్ కింద వచ్చి చేరాయి. 2006 నాటివి ఇంగ్లీషు అక్షరాలతో ఆర్‌టీఎస్ పద్ధతిలో రాసిన తెలుగు, అవి ఉన్నట్టే ఉన్నాయి. తర్వాతి సంవత్సరాల్లో యూనికోడ్‌లో రాసినవి కొన్ని పిచ్చి గుర్తులుగా కనిపించి కంగారు పడ్డాను, ఏ ఎన్‌కోడింగో ఉత్తరం తలలో (హెడర్‌లో) రాసి లేకపోవడం వల్ల అలా అయింది, వ్యూ మెనూలో టెక్స్ట్ ఎన్‌కోడింగ్‌ని యూనికోడ్‌కి మార్చగానే గౌతమి ఫాంట్‌లో చక్కగా తెలుగు తెరుచుకుంది.

నాన్న కుర్చీ దగ్గరికి జరుపుకుని నానమ్మ పోయినప్పుడు బాబాయి రాసిన ఉత్తరం వెతికి తీయించుకున్నారు. రెండుసార్లు చదివారు. ఆ తర్వాత నన్ను పక్కకి జరగమని, కొత్త ఉత్తరం తెరిచి, "తమ్ముడూ, మన కంప్యూటర్ మళ్లీ లేచింది" అని కొట్టడం మొదలుపెట్టారు. పంపేటప్పుడు ఎర్రర్ ఏమీ రాలేదు.

మిగిలిన పని: ఈ ఐడీఈ (పాత తీగ రకం) డిస్క్‌లోది మొత్తం ఇంకో డిస్క్‌లోకి దించాలి, యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. పవర్ సప్లై ఫ్యాన్ కూడా గరగరమంటోంది, దానికి వచ్చే ఆదివారం నూనె చుక్క వేస్తాను.