తమ్ముడి కోసం పాత ఆఫీస్ కంప్యూటర్

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో మూడు గంటలు తిరిగి, తమ్ముడికి గేమ్స్ ఆడుకోడానికి పాత డెల్ ఆప్టిప్లెక్స్ 7010 కొన్నాను. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన చిన్న క్యాబినెట్. ఇంకో 4 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ వేశాం. టెన్షనంతా గ్రాఫిక్స్ కార్డు దగ్గరే. పవర్ సప్లై 240 వాట్లే, మామూలు కార్డు లోపల పట్టదు. చివరికి పొట్టి సైజు జీటీఎక్స్ 1050 టీఐ దొరికింది. 75 వాట్లు చాలు, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, కార్డు గుచ్చే స్లాట్ నుంచే నడుస్తుంది. అయితే దాన్ని క్యాబినెట్ వెనక బిగించే ప్లేటు పొడుగుది ఉంది. అది విప్పి పొట్టిది పెట్టేసరికి రాత్రి పదకొండు.

విండోస్ 10నే ఉంచాం. 11లో వాడు ఆడే వాలరెంట్ గేమ్ నడవాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇందులో ఉన్నది పాతది.

మొదటి మ్యాచ్ మొదలవగానే వాడు నా చెయ్యి పట్టుకుని, "అన్నా, ఎక్కడా ఆగట్లేదు, చూడు!" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి.