గోడ అవతలి సంగీతం

తెనాలిలో మా ఇల్లు ఒక సినిమా హాలుకు సరిగ్గా వెనక ఉండేది. హాలు గోడకూ మా పెరటి గోడకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు, అంతే. ఎండాకాలం రాత్రుళ్లు పెరట్లో నవారు మంచాలు వేసుకుని పడుకుంటే రెండో ఆట మొత్తం మా చెవుల్లోనే నడిచేది. బొమ్మ కనిపించదు. మాటలు సగం గోడే మింగేసేది. తేటగా వినిపించేది సంగీతం ఒక్కటే. ఇక్కడెవరో పరుగెడుతున్నారు, ఇక్కడెవరికో కబురు అందింది అని చీకట్లో నాకు నేనే కథ అల్లుకునేదాన్ని. వారం తరవాత అమ్మతో వెళ్లి చూస్తే కొన్నిసార్లు నా కథే నిజమయ్యేది. కొన్నిసార్లు నేను చావు అనుకున్న చోట పెళ్లిచూపులు జరుగుతుండేవి. అలా తప్పినప్పుడు తప్పు నాదా, సంగీతానిదా అని పడుకునేదాకా ఆలోచించేదాన్ని.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం ఉంది. పోయిన నెల ఒక కళాశాలలో లఘుచిత్రాల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. పిల్లలకు వయొలిన్ నేర్పుతాను కాబట్టి ఉత్తమ నేపథ్య సంగీతం బహుమతి విషయంలో నా మాట పనికొస్తుందనుకున్నారు. చిత్రాలు 14. నాతోపాటు ఎడిటర్‌గా పనిచేసిన ఒక పెద్దాయన, ఒక అధ్యాపకుడు. ఒక చిత్రంలో పన్నెండు నిమిషాలూ డప్పులు, కోరస్, దాని మీద వయొలిన్ల గుంపు. అది ముగియగానే పెద్దాయన నా వైపు తిరిగి, "ఒళ్లు గగుర్పొడిచింది కదండీ, ఇంకేం చూడాలి?" అన్నారు. నేను చెప్పదలచుకున్నది ఆ గదిలో పూర్తిగా చెప్పలేకపోయాను. భోజనాల వేళయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర ఒక సంగీత దర్శకుడు గొప్పవాడా కాదా అని తేల్చేది పాటలతోనే. పాట కట్టడం ఒక విద్య, రీరికార్డింగ్, అంటే దృశ్యాల వెనక వినిపించే నేపథ్య సంగీతం చేయడం, ఇంకో విద్య. జాతీయ పురస్కారాల్లో ఈ రెండింటినీ 2009 సంవత్సరపు సినిమాల నుంచి విడివిడిగా ఇస్తున్నారు. ఆ ఏడాది నేపథ్య సంగీతానికి ఇళయరాజాకు వచ్చింది, పళశ్శిరాజా అనే మలయాళ చిత్రానికి. 2021 సినిమాలకు చూడండి, రెండూ మనవాళ్లకే వచ్చాయి. పాటలకు పుష్ప చిత్రానికి దేవిశ్రీ ప్రసాద్, నేపథ్య సంగీతానికి ఆర్ఆర్ఆర్‌కు కీరవాణి. 2023లో ఆస్కార్ అందుకున్నది మాత్రం కీరవాణి పాట. అక్కడ నేపథ్య సంగీతం విభాగం వేరే. ఆ తేడా చెబితే నా శిష్యుల తల్లిదండ్రులు చాలామంది ఆశ్చర్యపోయారు. సినిమా చూసి వచ్చిన నాడు హాయిగా కూనిరాగం తీయగలిగితే సంగీతం బాగున్నట్టే అని మనందరికీ అలవాటు. పాట విషయంలో అది న్యాయమే. రీరికార్డింగ్‌ను ఆ కొలతతో కొలిస్తే అన్యాయం.

పుష్పక విమానం 1987లో వచ్చింది. మా వెనక హాలుకు వచ్చేటప్పటికి నాకు పన్నెండేళ్లు. మొదటి రాత్రి మంచం మీద పడుకుని చెవులు రిక్కించాను. గోడ అవతల నుంచి మాట అన్నది రాలేదు. "హాల్లో మైకు పాడైనట్టుందే" అంది అమ్మ. కానీ జనం నవ్వుతున్నారు. కాసేపు నిశ్శబ్దం, ఏదో చప్పుడు, మళ్లీ హాలంతా ఒక్కసారి నవ్వు. ఏమీ వినిపించకుండా మూడు వందల మంది నవ్వడం నాకు కొత్త. మర్నాడు మొదటి ఆటకే నాన్నను లాక్కెళ్లాను.

సింగీతం శ్రీనివాసరావు సినిమా అది, ఒక్క సంభాషణ కూడా లేనిది. సంగీతం ఎల్. వైద్యనాథన్. వయొలిన్ విద్వాంసులు ఎల్. సుబ్రమణ్యం, ఎల్. శంకర్‌లకు ఆయన అన్నగారు. మాటల్లేని సినిమా చేతికొస్తే ఏ సంగీత దర్శకుడికైనా చెయ్యి ఆగదు. మొదటి నుంచి చివరిదాకా నింపేయవచ్చు, అడిగేవాళ్లు లేరు. ఆయన నింపలేదు. అడుగుల చప్పుడుకు, తలుపుల చప్పుడుకు, వీధి రొదకు చోటు వదిలారు. నాకు అన్నిటికన్నా దగ్గరైన ఘట్టం ఒకటుంది. కథానాయకుడు ఉండే ఇరుకు గది సినిమా హాలు పక్కన. రోజూ ఆ ఫైటింగుల మోతలోనే నిద్రపోతాడు. పెద్ద హోటల్లో మెత్తటి పరుపు దొరికాక అక్కడి నిశ్శబ్దానికి నిద్ర పట్టదు. పాత గదికి వెళ్లి ఆ మోతను టేపులో పట్టుకొచ్చి, మంచం పక్కన పెట్టుకుని హాయిగా పడుకుంటాడు. హాలంతా నవ్వుతుంటే నేను నాన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అది మా ఇంటి సంగతే. ఆ దృశ్యంలో ఆ మోతే సంగీతం. దాని మీద ఒక్క తీగ మీటినా చెడిపోయేది.

దూరదర్శన్‌లో వచ్చిన మాల్గుడి డేస్ సీరియల్ సంగీతం కూడా వైద్యనాథన్‌దే. మాటల్లేని ఆ తననాలు ఇప్పటికీ ఎక్కడ వినిపించినా నా వయసువాళ్లు చేస్తున్న పని ఆపి తలెత్తుతారు. అది కూనిరాగం తీయదగ్గదే, ఒప్పుకుంటాను. కానీ అది చేసే పని వేరు. తొందర లేని ఒక ఊళ్లోకి మనల్ని అర నిమిషంలో దింపి తను పక్కకు తప్పుకుంటుంది. ఇవాళ్టి సీరియళ్లలో ఒక కోడలు తలెత్తి చూస్తే ముఖాన్ని మూడుసార్లు దగ్గరగా చూపించి మూడుసార్లు పిడుగు వేస్తారు. ఆమెకు కోపమొచ్చిందని మనకు తెలుసు. ఆ నటి కళ్లు చెప్పేశాయి. పిడుగు ఆ కళ్ల మీద దుప్పటి కప్పుతుంది. కష్టపడి నటించిన మనిషికి జరిగే అన్యాయం అది, నాకు నిజంగా బాధేస్తుంది.

సత్యజిత్ రాయ్ తీసిన బెంగాలీ చిత్రం పథేర్ పాంచాలీ (1955) సంగతి చెప్పకుండా ఉండలేను. చాలా రోజుల తరవాత ఇంటికొచ్చిన హరిహర్‌కు కూతురు దుర్గ చనిపోయిందని తెలియదు. తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటీ తీసి చూపిస్తాడు. చివరికి దుర్గ కోసం తెచ్చిన చీర భార్య చేతిలో పెడతాడు. సర్వజయ ఆ చీరను పట్టుకుని కుప్పకూలి ఏడుస్తుంది. నోరు తెరుచుకుంటుంది, గొంతు మాత్రం మనకు వినిపించదు. ఆ ఏడుపు స్థానంలో తార్ షహనాయి మోగుతుంది, పట్‌దీప్ రాగంలో, పై స్థాయిలో. పేరులో షహనాయి ఉన్నా అది ఊదే వాద్యం కాదు, కమానుతో వాయించేది. సితార్ విద్వాంసుడు రవిశంకర్ ఆ సినిమా సంగీతమంతా ఒక్క రాత్రిలో, పదకొండు గంటల్లో ముగించారంటారు. ఆ ఘట్టం నేను నా శిష్యులకు ఏటా చూపిస్తాను. ఏడుపూ ఉండి సంగీతమూ ఉంటే ఒకదాన్నొకటి తినేసేవి. సత్యజిత్ రాయ్ ఒకదాన్ని తీసేశారు. మనిషి గొంతు చేయాల్సిన పని కమాను చేతికి ఇచ్చారు. చూసిన ప్రతిసారీ నా కుడి మణికట్టు బిగుసుకుంటుంది.

హాలీవుడ్ సినిమా జాస్ (1975) లో సొరచేప వస్తోందని చెప్పే జాన్ విలియమ్స్ రెండు స్వరాలు అందరికీ తెలుసు. కానీ ఇద్దరు కుర్రాళ్లు అట్టతో చేసిన సొరచేప రెక్క కట్టుకుని జనాన్ని హడలగొట్టే చోట ఆ స్వరాలు రావు. చెవి ఉన్నవాడికి అక్కడ సొరచేప లేదని ముందే తెలుస్తుంది. సంగీతం చూసేవాడికి ఒక మాట ఇచ్చి దాన్ని నిలబెట్టుకోవడం అంటే అది. తరవాత ఒకచోట ఆ స్వరాలు లేకుండానే సొరచేప నీళ్లలోంచి తల ఎత్తుతుంది. అప్పటికి మనం సంగీతాన్ని నమ్మి ఉన్నాం కాబట్టే అంతగా ఉలిక్కిపడతాం.

ఇక ఆ పోటీ. నేను నిలబడిన చిత్రం తొమ్మిది నిమిషాలది. తండ్రి కూతుర్ని హాస్టలుకు పంపడానికి బస్టాండుకు తీసుకొస్తాడు. కథ అంతే. సంగీతమని చెప్పడానికి ఆగకుండా మోగే ఒక శ్రుతి, దాని మీద అప్పుడప్పుడు మూడు నాలుగు స్వరాలు. బస్సు కదిలే ముందు తండ్రి కిటికీలోంచి నీళ్ల సీసా అందిస్తాడు. అమ్మాయి దాన్ని అందుకోగానే శ్రుతి ఆగిపోతుంది. ఇంజను చప్పుడు, హారన్, కండక్టరు కేక మాత్రం మిగులుతాయి. ఆ తరవాత తండ్రి ముఖం అర నిమిషం చూస్తాం. ఆ అర నిమిషంలో సంగీతం లేదు. మిగిలిన పదమూడు చిత్రాల్లో ఏదైనా అక్కడ ఒక వేణువు పెట్టేది. నేను ఆ దృశ్యాన్ని మళ్లీ వేయమన్నాను, ఒకసారి బొమ్మ లేకుండా, ఒకసారి శబ్దం లేకుండా. డప్పుల చిత్రాన్నీ అలాగే వేయమన్నాను. డప్పుల చిత్రం బొమ్మ లేకుండా ఇంకా బాగుంది. నా అభ్యంతరం అదే అని చెప్పాను. ఇద్దరూ తలూపారు. బహుమతి రెండు ఓట్లతో డప్పులకే వెళ్లింది. వాళ్లిద్దరూ మంచివాళ్లే, సినిమాను ప్రేమించేవాళ్లే. కానీ ఆ తీర్పు తప్పు.

నాలుగు రోజుల తరవాత ఆ బస్టాండు చిత్రానికి సంగీతం చేసిన కుర్రాడు నంబరు కనుక్కుని ఫోను చేశాడు. బహుమతి గురించి అడగలేదు. "మేడమ్, శ్రుతి ఎక్కడ ఆగిందో మీరు గమనించారని విన్నాను. ఇంకేమైనా గమనించారా అండి?" అన్నాడు. లేదన్నాను. "ముందు ఆ బస్టాండుకు వెళ్లి బస్సు హారన్ రికార్డు చేసుకున్నానండి. దానికి కలిసేటట్టు శ్రుతి పెట్టుకున్నాను. శ్రుతి ఆగినా అది పోయినట్టు అనిపించకూడదని" అన్నాడు.

ఆ రాత్రి పాఠాలయ్యాక వయొలిన్ తీసుకుని ఆ చిత్రం మళ్లీ పెట్టాను. శ్రుతి దగ్గర ఆపి షడ్జమం పట్టుకున్నాను. నీళ్ల సీసా చేయి మారింది, శ్రుతి ఆగింది, హారన్ మోగింది. పై తీగ మీద కమాను పెట్టి చూశాను. పంచమం, షడ్జమంతో ఇట్టే కలిసిపోయే స్వరం. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ అర నిమిషం మళ్లీ వేసుకుని, మరోసారి వేసుకుని, ఆ పంచమాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాను.