3-1 మెట్ల మీద తాబేలు: దొరికింది, మళ్ళా పోయింది

సూపర్ మారియో వీడియో గేమ్‌ల 3-1 (మూడో వరల్డ్ మొదటి లెవెల్) చివరి మెట్ల మీది తాబేలు నిన్న రాత్రి మొత్తానికి లొంగింది. వరసపెట్టి 1యూపీలు, అంటే అదనపు లైఫ్‌లు, పడ్డయి. ఆ సంతోషం అరగంట గూడ నిలువలే, మేనల్లుడి ముందల పరువు పోయింది. అది తర్వాత చెప్త. ఇన్నాళ్ళు ఎందుకు కాలేదో ముందు రాసిపెట్టుకోవాలె, లేకపోతే మళ్ళా మర్చిపోత.

ట్రిక్ ఏందో అందరికీ ఎరుకే. మెట్లు కుడివైపుకు ఎక్కుతయి, తాబేళ్ళు రెండు మనకు ఎదురుగ దిగుతయి. మొదటిదాన్ని పోనిచ్చి రెండోదాని మీద దుంకాలె. కాలు చిప్పకు ఎడమ సగం మీద పడితే చిప్ప కుడికి పోతది, మెట్టు గోడకు కొట్టుకొని మళ్ళా కాళ్ళ కిందికే వస్తది. మారియో నేల తాకకుండ ఎగురుతున్నంతసేపు పాయింట్లు 100, 200, 400 అనుకుంట 8000 దాక పెరిగి, ఆ తర్వాత దెబ్బ దెబ్బకు ఒక లైఫ్. చెప్తే ఇంతే. నాకు మాత్రం ఎప్పుడు చూసినా కాలు కుడి సగం మీద పడేది. చిప్ప ఎడమకు జారి, మెట్లు దిగి, స్క్రీన్ దాటి పోయేది. ఎప్పుడన్న సరిగ్గ తగిలినా, అది తిరిగొచ్చేసరికి మారియో మెట్టు మీద నిలబడి ఉండేటోడు. తన్నినోడే ఆ చిప్ప తగిలి చచ్చుడు చూస్తె ఎవరికైనా నవ్వొస్తది, మా ఇంట్ల అందరికీ వచ్చింది.

మొదట నా చెయ్యి మీదనే అనుమానం. తర్వాత కంట్రోలర్ మీద. ఇప్పి చూస్తె దుంకే A బటన్ కింది రబ్బరు నల్లటి చుక్క సగం అరిగి మెరుస్తున్నది. బోర్డు మీది గీతలను స్పిరిట్‌తోటి తుడిచి, రబ్బరును మెల్లగ కాయితం మీద రుద్దిన. బటన్ బాగయింది, తాబేలు బాగు కాలే. పెన్సిల్ లెడ్ రుద్దుమని చాలామంది చెప్తరు. ఆ పద్ధతి నాకు నచ్చది. రెండు రోజులు బ్రహ్మాండంగ పనిచేస్తది, ఆ తర్వాత పొడి బోర్డు మీద రాలి ఒక బటన్ నొక్కితే రెండు పడుతయి. కరెంటు మీద గూడ కొన్నాళ్ళు నేరం మోపిన. నల్గొండల మధ్యాహ్నం వోల్టేజ్ పడితే బొమ్మల అడ్డగీతలు వస్తయి, అది నిజమే. కానీ పొద్దుగాల ఐదింటికి లేసి ఆడినా చిప్ప ఎడమకే పోయింది. ఆ లెక్కన కరెంటుది తప్పు గాదు.

ఇగ కొలుచుడు మొదలుపెట్టిన. ఫోన్ల స్లోమోషన్ సెకనుకు 240 ఫ్రేములు (ఫ్రేము అంటే వీడియోల ఒక్క బొమ్మ), అంటే ఒక్కో ఫ్రేము దాదాపు 4.17 మిల్లీసెకన్లు. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, కంట్రోలర్ మీద బొటనవేలు, వెనక టీవీ, రెండూ ఒకే ఫ్రేముల పడేటట్టు పెట్టిన. వేలు బటన్‌ను పూర్తిగ కిందికి నొక్కిన ఫ్రేము నుంచి మారియో కాలు నేల విడిచిన ఫ్రేము దాక లెక్క. హాల్లో ఉన్న 32 అంగుళాల ఎల్‌ఈడీ మీద 31 ఫ్రేములు వచ్చినయి. 129 మిల్లీసెకన్లు! టీవీల ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ పెడితే 20 ఫ్రేములు, 83 మిల్లీసెకన్లు. గేమ్ మోడ్‌ల గూడ ఇంత ఉంటదని నేను అనుకోలే. ఈ పాత గేమ్ డబ్బాలు పంపే బొమ్మను కొత్త టీవీ ముందు పట్టుకొని, పెద్దగ చేసి, గీతలు సరిచేసి, అప్పుడు చూపిస్తది. సినిమా చూసేటప్పుడు ఎవరికీ తెల్వది, దుంకేటప్పుడు తెలుస్తది.

తాబేలు నడకను గూడ కొలిచిన. ఒక ఇటుక వెడల్పు దాటడానికి వీడియోల 154 ఫ్రేములు, అంటే 0.64 సెకన్లు. ఇటుక అంటే 16 పిక్సెళ్ళు. 129 మిల్లీసెకన్లల తాబేలు మూడు పిక్సెళ్ళకు కొంచెం ఎక్కువనే నడుస్తది, అదీ ఎడమకు. నేను చూసి నొక్కిన జాగ కంటె తాబేలు మూడు పిక్సెళ్ళు ఎడమకు జరిగినంక నా కాలు పడుతున్నదన్నట్టు. కాలు పడేది చిప్పకు కుడి సగం మీద! మా టీవీ మీద ఇటుక 4.4 సెంటీమీటర్లు. ఫ్రేము ఆపి స్కేలు పెట్టి చూస్తె, పడాల్సిన జాగకు పడ్డ జాగకు తేడా 8 మిల్లీమీటర్లు. లెక్క అతికినట్టు కుదిరింది.

అయితే ముందే నొక్కితే సరిపోవాలె గదా? సరిపోలే. ముందే నొక్కుడు మొదటి దుంకుడుకు పనిచేస్తది. రెండో దెబ్బ నుంచి చిప్ప తిరిగొచ్చే వేగం వేరే, కన్ను చూసేది వేరే, రెండింటికి ఒకే అంచనా కుదరది. ఇంకొక ముడి గూడ ఉన్నది, అది బుధవారం రాత్రి బయటపడ్డది.

ఆటల టైమ్ అంకె ఒకటి తగ్గడానికి 24 ఫ్రేములు పడుతది, ఇవి ఫోన్‌వి గాదు, ఆట గీసే ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) లెక్కల సెకనుకు దాదాపు 60 ఫ్రేములు, కాబట్టి వంద అంకెలు తగ్గడానికి 40 సెకన్లు. 1-1ల మొదటి గూంబాను (పుట్టగొడుగు లెక్క ఉండే శత్రువును) తొక్కేసి, పక్కన నిలబడి, 400 నుంచి 300 దాక స్టాప్‌వాచ్ పట్టుకున్న. 48 సెకన్లు! మళ్ళా పట్టిన, మళ్ళా 48. అంటే నా గేమ్ డబ్బా 50 ఫ్రేముల పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) లెక్క మీద నడుస్తున్నది. ఆట మొత్తం ఆరుల ఒక వంతు మెల్లగ, పాట గూడ సాగదీసినట్టు. చిన్నప్పటి నుంచి అదే విని అదే అసలు వేగం అనుకున్న. యూట్యూబ్‌ల వీడియోలు చూసి చేతికి పట్టించిన లయ అంతా 60 లెక్కది. పెళ్ళి బ్యాండు ఒక పాట కొడుతుంటే ఇంకో పాటకు చిందేసినట్టే. ఈ సంగతి తెలిసినంక వీడియోలు బంద్ చేసిన. చిప్ప గోడకు తగిలే చప్పుడు విని నొక్కుడు మొదలుపెట్టిన, కంటి కంటె చెవి నయం.

శుక్రవారం ప్రకాశం బజార్ దిక్కు పాత సామాన్ల దుకాణంల 21 అంగుళాల ఓనిడా డబ్బా టీవీ దొరికింది. సోనీ ట్రినిట్రాన్ టీవీల కోసం జనం ఎగబడుతరు గానీ, 8 బిట్ ఆటకు ఓనిడా చాలు, నా మాట నమ్మండి. ఆటోల తెస్తుంటే అమ్మ గడప మీద నిలబడి, "ఇంట్ల ఉన్నది బయట పారేసేది పోయి, ఊర్ల చెత్తంత ఇంట్లకు తెస్తున్నవా బిడ్డా?" అన్నది. జవాబు చెప్పలే. పెట్టంగనే కొలిచిన: 9 ఫ్రేములు, 37 మిల్లీసెకన్లు.

ఆ రాత్రే చిప్ప లొంగింది.

ఇప్పుడు పరువు సంగతి. దసరా సెలవులని అక్క వాళ్ళు మిర్యాలగూడ నుంచి వచ్చిండ్రు. పోరడు పక్కన కూసున్నడు. ఇగ నేను ఆపలే. టకటకా టకటకా లైఫ్‌లు పడుతనే ఉన్నయి, పోరడు కండ్లు పెద్దగ చేసుకొని చూస్తున్నడు, నాకేమో ఎక్కడలేని హుషారు. ఇక్కడ ఒక లెక్క ఉన్నది. లైఫ్‌లు 10కి చేరితే అంకె ముందల కిరీటం బొమ్మ వస్తది. 20కి చేరితే కిరీటం పక్కన A అక్షరం, 21కి B, అట్ల 45కు Z. ఆ తర్వాత పిచ్చి పిచ్చి గుర్తులే, ఎన్ని ఉన్నయో చదవరాదు. ఆ లెక్కను ఆట ఒక్క బైట్‌ల (256 అంకెలు పట్టే జాగల) పెట్టుకుంటది, సగం దాటితే అది మైనస్ కింద లెక్క. ఇంచుమించు 128 దాటించి చస్తే నేరుగ గేమ్ ఓవర్. ఈ సంగతి నేను ఎప్పుడో చదివిన, పోరనికి మొన్ననే గొప్పగ చెప్పిన గూడ. చెప్పినోడే మర్చిపోయిండు.

టైమ్ అయిపోవస్తుందని గబగబ మెట్లు ఎక్కబోయిన. నేనే తన్నిన చిప్ప గోడకు తగిలి వచ్చి కాలికి తగిలింది. నల్లటి స్క్రీన్, గేమ్ ఓవర్.

"మామా, నూరు లైఫ్‌లు ఉన్నయంటివి గదనే?"

నేను నోరు తెరిచేలోపల వాడు నా చేతుల నుంచి కంట్రోలర్ గుంజుకొని స్టార్ట్ నొక్కిండు. 1-1! A బటన్ పట్టుకొని స్టార్ట్ నొక్కితే 3-1 నుంచే మొదలయ్యేది. ఇది తెల్వనోళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నరు, అందుకే రాస్తున్న: గేమ్ ఓవర్ అయినంక టైటిల్ స్క్రీన్ మీద A నొక్కిపట్టి స్టార్ట్ కొట్టండి, ఆగిపోయిన వరల్డ్ మొదటి లెవెల్‌కు పోతరు. డబ్బా బంద్ చేస్తే మాత్రం పోతది.

నాకు కొంచెం ఊరట బావ వల్ల. రాత్రి అన్నం తిన్నంక రెండో కంట్రోలర్ పట్టుకొని కూసున్నడు. టైటిల్ స్క్రీన్ మీద కొంచెంసేపు ఏం నొక్కకుంటే ఆట తనంతట తానే ఆడి చూపిస్తది గదా, అది మొదలయింది. బావ బటన్లు టపటపా కొడుతు, "చూసినవా, ఇన్నేండ్లయినా చెయ్యి మర్చిపోలే" అన్నడు. మారియో గూంబాను తొక్కితే మీసం గూడ సవరించిండు. అక్క నన్ను సైగతోటి ఆపింది, చెప్పొద్దని. నేను చెప్పలే. పోరడు చెప్పిండు.

బావతోటి కాంట్రా (ఇద్దరు కలిసి ఆడే తుపాకుల ఆట) గూడ ఆడినం, అది ఇంకో కథ. మూడో స్టేజి జలపాతం కాడ పైకి ఎక్కేటోడు తొందరపడితే స్క్రీన్ పైకి జరిగి కిందోడు చస్తడు. బావ తొందరమనిషి. మొత్తం మీద నన్ను శత్రువులు చంపింది తక్కువ, బావ చంపింది ఎక్కువ. జలపాతం కాడ పైకి పోయే ముందల "ఎక్కుతున్న" అని అరిచే నియమం పెట్టినం. ముప్పై లైఫ్‌ల కోడ్ పెట్టుకున్నా ఈ స్టేజి దాటేసరికి సగం మిగుల్తలేవు.

ఇగ ముందల పని. కొత్త కంట్రోలర్ కావాలె. 8బిట్‌డూ అనే కంపెనీ వాళ్ళ బటన్లు మంచిగుంటయని విన్న, కానీ నా డబ్బాకు 9 పిన్నుల ప్లగ్, వైర్‌లెస్ పెడితే మళ్ళా ఆలస్యం వస్తదేమోనని భయం. అందుకని పాత కంట్రోలర్‌కే కొత్త రబ్బర్లు తెప్పిస్తున్న. ఆ తర్వాత 8-1. దానికి 300 అంకెలే ఇస్తడు, లెవెలేమో పొడుగు. 60 లెక్కల అవి 120 సెకన్లు, నా డబ్బా మీద 144. ఫ్రేముల లెక్కల రెండూ ఒకటే అయినా, ఆలోచించడానికి 24 సెకన్లు ఎక్కువ దొరుకుతయి గదా. దొంగతనమే అంటే అనండి, నేను మాత్రం 8-1 దాటేదాక ఈ మెల్లటి డబ్బాను అమ్మేది లేదు.

దాటినంక మాత్రం 60 లెక్క డబ్బా ఒకటి కావాలె. ఎవరి దగ్గరన్న పాతది ఉంటే 1-1ల 400 నుంచి 300కు ఎన్ని సెకన్లు పడుతున్నదో కొలిచి చెప్పండి. 40 వస్తె కొనుక్కుంట. పాత టీవీల మీద 60 పెడితే కొన్నిట్ల రంగులు రాక నలుపు తెలుపే వస్తది, ఓనిడా మీద ఏమైతదో చూడాలె.