ఏదుము యవలు

పోయిన నెల గుంటూరు అరండల్‌పేటలో మా అక్క కూతురికి ప్రధానం చేశాం. పళ్లేల్లో చీర, పూలు, పళ్లు, వాటి మధ్య కొత్త బైబిలు. పాస్టరు గారు ప్రార్థన ముగించి ఉంగరాలు తీయమనగానే అందరూ ఫోన్లు పట్టుకుని ముందుకు జరిగారు. మా పిన్ని మాత్రం గోడవార కుర్చీలోనే ఉండిపోయింది.

పిన్నికి ఇలాంటి ప్రధానమే జరిగి ముప్పై ఏళ్లు దాటింది. పెళ్లయిన ఆరేళ్లకు బాబాయి ఇంకొకావిడతో వెళ్లిపోయాడు. మళ్లీ కబురు లేదు. ఇద్దరు పిల్లల్నీ కుట్టుమిషను మీద పెంచింది. ఎవరైనా జాలి పడబోతే, "తిండికి లోటు లేదమ్మా. సాయంత్రం గేటు చప్పుడైతే మాత్రం ఇప్పటికీ తలెత్తి చూస్తా. అదొక్కటే పోలేదు" అంటుంది.

ఆ తలెత్తి చూడటం పిన్ని ఒక్కదానిదే కాదు. నిన్న ఉన్నవాళ్లు రేపూ ఉంటారా అని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు గేటు వైపు చెవి పెట్టే ఉంటారు.

ఆ రోజు పాస్టరు గారు చదివింది బైబిల్లో హోషేయ ప్రవక్త గ్రంథం, 2:20: "నేను నమ్మకమునుబట్టి నిన్ను ప్రధానము చేసికొందును." ప్రధానం అనే మాట మన ఇళ్లల్లోది, పసుపూ పూలూ పళ్లేలూ ఉన్న మాట. దేవుడు దాన్ని తన నోట పలుకుతున్నాడు. హెబ్రీలో ఈ వచనంలోనూ, దీని ముందు వచనంలోనూ కలిపి మూడుసార్లు పలికాడు. అదీ ఎవరితో? కొత్తగా పెళ్లీడుకొచ్చిన పిల్లతో కాదు. తనను విడిచి బయలు అనే పరాయి దేవతల వెంట పోయిన ఇశ్రాయేలు జనంతో. జరిగిందంతా తెలిసి కూడా, మొదటిసారి అడుగుతున్నట్టే అడుగుతున్నాడు.

ఆ కాలంలో పిల్లను అడిగినవాడు ఓలి చెల్లించాలి. ఇక్కడ దేవుడు తెచ్చిన ఓలి నీతి, న్యాయం, దయ, కనికరం, నమ్మకం. మన సంఘాల్లో ఇంకా కట్నాల బేరాలు సాగుతున్నాయి. ప్రధానంలో ఈ వచనం చదివించుకునేవాళ్లు ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. ఇందులో పెళ్లికొడుకు ఏమీ పుచ్చుకోడు. ఇచ్చేదంతా ఆయనే.

హోషేయ కథ చెప్పి, విడిచిపోయిన భర్తకోసం ఓర్చుకుని కూర్చోమని ఆడవాళ్లకు బోధించడం నేను చాలాసార్లు విన్నాను. పిన్నికీ అలాగే చెప్పారు. ఆ బోధ నాకు మింగుడుపడలేదు. కథలో విడిచిపోయింది హోషేయ భార్య గోమెరు. మిగిలిపోయింది హోషేయ. ఆ మిగిలిపోయినవాడి గుండెలో నుంచే దేవుడు మాట్లాడుతున్నాడు. అంటే ఈ కథలో పిన్ని కూర్చున్న చోట దేవుడు కూడా కూర్చుని ఉన్నాడు. ఎవరో ఒకరు తనను వదిలి వెళ్లిపోతే ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. ముందు ఆ మాట చెప్పకుండా ఆమెకు ఓర్పు గురించి చెప్పే హక్కు మనకు ఎక్కడిది?

ఇంకొక మాట కూడా ఉంది, అది నాకు గుచ్చుకునేది. ఆరో అధ్యాయంలో దేవుడు ఎఫ్రాయిము, యూదా అనే తన జనాన్ని చూసి, మీ భక్తి తెల్లవారి మబ్బులాంటిది, పొద్దెక్కితే ఆరిపోయే మంచులాంటిది అంటాడు. అక్కడ భక్తి అని వచ్చిన హెబ్రీ మాట 'హెసెద్'. ప్రధానపు ఓలిలో దయ అని వచ్చిందీ అదే మాట. మాట ఇచ్చినవాడు కష్టకాలంలోనూ కట్టుబడి ఉండే ప్రేమ అది. సంక్రాంతి రోజుల్లో మిరప చేల మీద మంచు చూసినవాళ్లకు ఈ పోలిక విప్పి చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి ఆకు ఆకునా తడి, తొమ్మిదయ్యేసరికి ఏమీ ఉండదు. బాబాయిని తప్పుపట్టడం సులువే. ఆదివారం కళ్లలో నీళ్లు పెట్టుకుని పాడి, మంగళవారానికి ప్రార్థన మరచిపోయే నన్ను నేను ఏమనుకోవాలి?

అయినా మనుషుల్లో నిలబడ్డవాళ్లు లేకపోలేదు. పిన్ని పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలో. ఆ పేరుగల డాక్టరమ్మ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి, 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. తనది కాని ఊరికి అంతకాలం కట్టుబడి ఉండటం హెసెద్ కాకపోతే మరేమిటి?

ఫంక్షను అయ్యాక పిన్నిని విజయవాడలో కొడుకు ఇంట్లో దింపడానికి బస్సెక్కాం. మంగళగిరి కొండ కనబడే దాకా ఏమీ మాట్లాడలేదు. అప్పుడు, "ఆ గోమెరు చివరికి ఏమయింది?" అంది.

ఫోనులో మూడో అధ్యాయం తీసి చదివాను. దేవుడు హోషేయతో, యెహోవా ఇశ్రాయేలీయులను ప్రేమించినట్టే నీవు పోయి ఆమెను మళ్లీ ప్రేమించమంటాడు. హోషేయ పదిహేను తులాల వెండి, ఏదుము యవలు, అంటే బార్లీ గింజలు, ఇచ్చి ఆమెను కొనుక్కుంటాడు. మోషే ధర్మశాస్త్రంలో ఎద్దు పొడిచి చంపిన దాసికి కట్టిన వెల ముప్పై తులాలు. ఇక్కడ వెండి దానిలో సగమే.

పిన్ని రైతు బిడ్డ. పాత ధాన్యపు కొలతల్లో పుట్టికి ఇరవై తూములు, ఏదుముకి అయిదని వేళ్ల మీద లెక్క వేసుకుంది. చాలాసేపు కిటికీలోంచి చూసింది.

"వెండి చాలక ఉంటుందమ్మాయ్" అంది. "ఇంట్లో ఉన్న గింజలు కూడా ఊడ్చి తెచ్చుంటాడు."