కొవ్వూరుకు రాజమండ్రిని పక్క వీధి చేసిన వంతెన

రాజమండ్రి దగ్గర గోదావరి మీద ఇప్పుడు నాలుగు వంతెనలు ఉన్నాయి. 1900లో రైళ్లు మొదలైన హేవలాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. దాని సరసనే ఉన్న ఆర్చి వంతెన పూర్తిగా రైళ్లదే. 2015లో వచ్చిన నాలుగో వంతెన ఊరికి ఎగువన దూరంగా ఉంది. మా కొవ్వూరు వాళ్లు మాత్రం ఉత్తినే 'బ్రిడ్జి' అన్నారంటే అది 1974లో తెరిచిన రోడ్డు కం రైలు వంతెనే.

మద్రాసు, హౌరా మార్గంలో రెండో లైను కోసం తలపెట్టిన ఈ వంతెనకు పైఅంతస్తుగా రోడ్డును కూడా చేర్చడం వల్లనే, అంతవరకు పడవనో రైలునో నమ్ముకుని నది దాటిన మా ఊరివాళ్లు బస్సెక్కి రాజమండ్రి వెళ్లగలిగారు. రైలు భాగం పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు కాగా రోడ్డు భాగం 4.1 కిలోమీటర్లు ఉంటుంది. రైలు నెత్తిమీదుగా సాగిన రోడ్డు మళ్లీ నేలకు దిగాలంటే రెండు వైపులా అంత దూరం పట్టాలను వదిలి వంపు తిరుగుతూ మెల్లగా వాలాలి మరి. ఆసియాలో దీనిది ఎన్నో స్థానమన్న వాదన క్విజ్ పోటీలకు వదిలేద్దాం.

కింద రైలులో వెళ్లేవారికి ఉక్కు దూలాల మధ్య నుంచి గోదావరి ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. పైన స్కూటరు మీద వెళ్లేవారికి పిట్టగోడ అవతల నదంతా తెరుచుకుని ఉంటుంది. సాయంత్రం బండి పక్కకు తీసి నిలబడితే, కింద గూడ్సు బండి వెళ్తున్నంతసేపూ పిట్టగోడ మీద ఆనించిన అరచేతికి సన్నని వణుకు తెలుస్తుంది. అతుకుల దగ్గర చక్రాలు దడదడమన్నప్పుడల్లా మా అమ్మ వెనక సీటులో నుంచే గోదావరికి దణ్ణం పెట్టుకుని, చీరకొంగు ముడిలోని రూపాయి బిళ్లను నీళ్లలోకి విసిరేది.

మరమ్మతుల కోసం రాకపోకలు ఆపిన రోజుల్లోనే దీని విలువ బాగా తెలిసివచ్చింది. ఆసుపత్రికో కళాశాలకో పావుగంటలో చేరేవారు ధవళేశ్వరం బ్యారేజీ మీదుగానో, నాలుగో వంతెన మీదుగానో చుట్టు తిరగవలసి వచ్చింది.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి, అంతవరకు పశ్చిమ గోదావరిలో ఉన్న కొవ్వూరు రాజమండ్రి కేంద్రంగా ఏర్పడిన తూర్పు గోదావరి జిల్లాలో కలిసింది. పడమటి గట్టున ఉంటూ తూర్పు వాళ్లమయ్యామని ఊళ్లో కొన్నాళ్లు హాస్యమాడుకున్నారు. పెళ్లి బట్టలకూ, కంటి డాక్టరుకూ, పెద్ద చదువులకూ మేము అప్పటికే దాదాపు యాభై ఏళ్లుగా అవతలి గట్టుకే వెళ్తున్నాము.