రాయపురం బొగ్గు ఎన్నూరు చేరింది

మా పిన్నివాళ్లు మద్రాసులో హార్బర్ పక్కనున్న రాయపురంలో ముప్పై ఏళ్లుగా ఉంటున్నారు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే, మిద్దె మీద ఆరేసిన బట్టలకు సాయంత్రానికల్లా నల్లటి చారలు పడేవి. హార్బర్‌లో దించే బొగ్గు దుమ్ము అది. కిటికీ గట్టు మీద పేరుకున్న ఆ దుమ్ములో వేలితో మా పేర్లు రాసుకునేవాళ్లం. 2011లో హైకోర్టు తీర్పుతో మద్రాసు హార్బర్‌లో బొగ్గు, ఇనుప ఖనిజం ఎత్తడం దించడం ఆగిపోయాయి. పిన్ని ఇంటికి ఆ పీడ వదిలింది. ఆ సరుకు మద్రాసుకు ఉత్తరాన ఉన్న ఎన్నూరు రేవుకీ, మా కృష్ణపట్నానికీ మళ్లింది. మాది ముత్తుకూరు కాబట్టి కృష్ణపట్నం సంగతి నాకు వేరే చెప్పక్కర్లేదు. ఎన్నూరును మాత్రం ఇన్నేళ్లూ రైలు కిటికీలోంచే చూశాను.

మొన్న పిన్ని దగ్గరికి వెళ్లి ఐదు రోజులున్నాను. మూడు రోజులు చుట్టాలతో, టీనగర్ తిరుగుళ్లతో గడిచిపోయాయి. నాలుగో రోజు పొద్దున్నే కొరుక్కుపేటలో గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి అత్తిపట్టు పుదునగర్‌లో దిగాను. రైలు టికెట్టుకు పదింతలకు పైగా అడిగాడు ఆటో అతను. ఎంత బేరమాడినా తగ్గలేదు. మండిపడుతూనే ఎక్కాను. లారీల వెనకాల ఇరుక్కుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎలాగో ఉప్పుటేటి ఒడ్డుకు చేరాను.

నగరి కొండల నీళ్లను కూడా కలుపుకుని వచ్చే మన కుశస్థలి నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. మొల లోతు నీళ్లలో నలుగురు ఆడవాళ్లు వంగి ఉన్నారు. వల లేదు, పడవ లేదు. ఒక్కొక్కరి పళ్ల మధ్య ఒక తాటాకు బుట్ట. రెండు చేతులూ అడుగు బురదలో తడుముతున్నాయి. ఉన్నట్టుండి ఒక చేయి పైకి లేస్తుంది, వేళ్ల మధ్య రొయ్య కొట్టుకుంటూ ఉంటుంది, బుట్టలో పడుతుంది. మళ్లీ చేయి లోపలికి. మా ఊరి యానాది ఆడవాళ్లు గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను. వీళ్లు ఇరుళ్లు, తమిళనాట అలాంటి తెగే.

నేను పిన్నితో ఫోన్లో మాట్లాడటం విని ఒకామె ఒడ్డుకొచ్చింది. తడ దగ్గర రొయ్యల గుంటల్లో చాలా ఏళ్లు పనిచేసిందట, తెలుగు బాగా వచ్చు. అక్కా అని పిలిస్తే నవ్వింది.

"ముందు ఈడ మన్ను మెత్తగా ఉండేదమ్మా. రొయ్య యాడుండేది చేతికే తెలిసేది. ఇప్పుడు బూడిదే తగలతా ఉండాది" అంటూ దోసెడు బురద తీసి చూపించింది. పైన నల్లటి పొర, కింద సిమెంటు రంగు. వేళ్ల మధ్య రుద్దితే పౌడర్‌లా జారింది. వాసన లేదు.

ఇది ఎక్కడిదో కళ్లెదురుగానే ఉంది. 2001లో ఎన్నూరు రేవు మొదలైందే ముఖ్యంగా థర్మల్ బొగ్గు, అంటే కరెంటు ప్లాంట్లలో కాల్చే బొగ్గు కోసం. కొంత ఒడిశా నుంచి పారాదీప్ మీదుగా వస్తుంది. విదేశీ బొగ్గయితే మన దేశానికి ఎక్కువగా ఇండోనేషియాదే. మన బొగ్గు 100 కిలోలు కాలిస్తే 30 నుంచి 45 కిలోలు బూడిదే మిగులుతుంది. దాన్ని నీళ్లలో కలిపి గొట్టాల్లో బూడిద చెరువులకు తోలుతారు. ఆ గొట్టాలు ఏళ్ల తరబడి కారి, ఏరు పూడిపోయింది. దానికి తోడు కరెంటు ప్లాంటు వదిలే వేడినీళ్లు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో పెట్రోలియం నూనె కూడా వచ్చిపడింది. అక్క మనవడి వయసును కూడా దాంతోనే లెక్కేస్తోంది, "నూనె వచ్చిన ఏడు నాకు మనవడు పుట్టినాడు" అంది.

బొగ్గు కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను బొగ్గుపులుసు వాయువు అని బళ్లో చదువుకున్నాం. ఆ పేరులోని పులుపు ఇప్పుడు సముద్రానికి ఎక్కుతోంది. మనం వదిలే ఆ వాయువులో దాదాపు నాలుగో వంతు సముద్రమే పీల్చుకుంటుంది. నీటి పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గితే పులుపు పెరిగినట్టు. పరిశ్రమలు రాకముందు 8.2 ఉన్న సముద్రపు పీహెచ్ 8.1కి దిగింది. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, ఆమ్లత్వం లెక్కన 30 శాతం దాకా పెరిగినట్టు. గుల్లలూ ఆల్చిప్పలూ పెంకు కట్టుకోవడానికే కష్టపడాల్సి వస్తుంది. బొగ్గు ఏ దేశంలో తవ్వినా, ఏ దేశంలో కాల్చినా ఆ పులుపు అన్ని సముద్రాలకూ పోతుంది.

అమెరికా పడమటి తీరంలో లమ్మీ అనే తెగ ఉంది, వాళ్లదీ చేపల బతుకే. వాళ్ల చెర్రీ పాయింట్ దగ్గర ఏటా 4.8 కోట్ల టన్నుల దాకా బొగ్గును ఆసియాకు ఎగుమతి చేసే రేవు కడతామన్నారు. 1855 నాటి ఒప్పందంలో వాళ్ల చేపలవేట హక్కు రాసి ఉంది. దాన్ని పట్టుకుని లమ్మీలు పోరాడితే, 2016 మేలో అక్కడి ప్రభుత్వం రేవుకు అనుమతి ఇవ్వలేదు. ఈ కథ అక్కకు చెప్పాను. ఆమె చేతులు కడుక్కుంటూ విన్నది.

"మాకు అట్టాంటి కాయితం ఎవురిచ్చినారమ్మా? ఇంటి పట్టా కోసరమే ఇంకా తిరగతా ఉండాము."

నా దగ్గర జవాబు లేదు. పొద్దుట్నుంచి తడిమితే అర కిలో కూడా పడలేదు. ఆ రొయ్యలకు 200 అడిగింది, ఇచ్చాను. ఆటో దగ్గర ఆడిన బేరం గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. పాదాలు చూపించి, నీళ్లలో దిగితే రాత్రంతా దురద అంది. వేళ్ల సందులు తెల్లగా పాసిపోయి ఉన్నాయి.

ఇంటికొచ్చాక పిన్ని రొయ్యలు మూడుసార్లు కడిగింది. మూడోసారి కూడా గిన్నె అడుగున బూడిద రంగు పేరుకుంది. పిన్ని అందులో వేలు పెట్టి, పైకి తీసి, చాలాసేపు చూసింది. "ఎన్నూరు పంపించేశారు అనుకున్నామే గానీ, అక్కడ కూడా మనుషులుంటారని ఒక్కరోజైనా అనుకోలేదే" అంది.

మర్నాడు మందుల షాపులో దురదకు ఆయింట్‌మెంట్ కొనుక్కుని మళ్లీ అదే లోకల్ ఎక్కాను. అక్క అప్పటికే నీళ్లలో చాలా దూరం వెళ్లిపోయింది. మందు కోడలి చేతికిచ్చి, రోజుకు రెండుసార్లు, కాళ్లు బాగా ఆరాకే రాయాలని చెప్పి వచ్చాను.